పాటా, వాంగ్మూలమా?

ముందు ఒక ప్రయోగం సంగతి చెప్తాను.

క్యారీ ఫ్రీడ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1996లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒక పాటలోంచి కొన్ని పాదాలు తీసి, కాగితం మీద అచ్చు వేసి, మనుషుల చేతికిచ్చి చదవమన్నారు. ఒక కుర్రాడు పోలీసును కాల్చి, ఆ సంగతి తన నోటితో తనే చెప్పుకునే పాట అది. కొందరికి ఇది కంట్రీ పాట అని చెప్పారు. కొందరికి ర్యాప్ అని చెప్పారు. అందరి చేతిలోనూ ఉన్నవి అవే మాటలు. కానీ ర్యాప్ అని విన్నవాళ్లకు ఆ పాట ఎక్కువ ప్రమాదకరంగా, అదుపులో పెట్టాల్సినదిగా కనిపించింది.

నిజానికి అది ర్యాపూ కాదు, నల్లవాళ్లు పాడిందీ కాదు. కింగ్‌స్టన్ ట్రయో అనే తెల్లవాళ్ల జానపద బృందం 1960లో పాడిన పాట.

2016లో ఇంకొందరు పరిశోధకులు అదే పద్ధతిలో మళ్లీ చేసి చూశారు. ఇరవయ్యేళ్లు గడిచినా తీరు మారలేదు. ఇంకో విషయం కూడా బయటపడింది. ర్యాప్ అని చెప్పినప్పుడు జనం ఆ మాటల్ని అక్షరాలా జరిగినవిగా తీసుకున్నారు. కంట్రీ అని చెప్పినప్పుడు అంతగా తీసుకోలేదు.

ఈ వారం నేను మాట్లాడదలుచుకున్నది ఈ "అక్షరాలా" గురించే. అమెరికా పోలీసు హింస మీద వచ్చిన ర్యాప్ గురించి మనవాళ్లు రాసేటప్పుడు "కోపం", "ఆక్రోశం", "గుండెల్లోంచి తన్నుకొచ్చిన మంట" అని రాస్తారు. అవన్నీ మెచ్చుకోళ్లే. కానీ ఆ మెచ్చుకోలుకూ, ఆ పాటను పట్టుకెళ్లి కోర్టులో సాక్ష్యంగా పెట్టే ప్రాసిక్యూటర్‌కూ ఒక చుట్టరికం ఉంది. ఇద్దరూ ఆ కవిని కవిగా ఒప్పుకోరు. ఇద్దరి లెక్కలోనూ అతనికి కల్పించడం రాదు, కడుపులో ఉన్నది కక్కడం ఒక్కటే వచ్చు. ఒకరు జాలిపడతారు, ఇంకొకరు జైల్లో పెడతారు. అంతే తేడా.

సాహిత్యం చదువుకునే విద్యార్థికి మొదట చెప్పే పాఠం ఒకటుంది. కవితలో "నేను" అన్నవాడు కవే అని అనుకోవద్దు. "మహాప్రస్థానం"లో "నేను" అంటే విశాఖపట్నం శ్రీరంగం శ్రీనివాసరావు గారని ఎవరూ అనరు. ఆ నేనులో లోకమంతా ఉందని పాఠం చెప్తాం, దాని మీద ప్రశ్న ఇస్తాం. అదే దళిత కవి "నేను" అంటే మాత్రం అది ఆయన వాడ, ఆయన ఆకలి, ఆయన అవమానం. "అనుభవం ఉంది, శిల్పం లేదు" అని ఒక్క వాక్యంలో తేల్చేసిన విమర్శను పీహెచ్‌డీ చేసిన ఏళ్లన్నీ చదువుతూనే వచ్చాను. ఒకరి నేను విశ్వం, ఇంకొకరి నేను వాంగ్మూలం. నేను అన్న మాటకు కూడా కులం ఉంది. అమెరికాలో రంగు ఉంది.

కాబట్టి ముందు ఆ పాటల కట్టుబడి చూద్దాం. కోర్టు సంగతి తర్వాత.

1988లో కాలిఫోర్నియాలోని కాంప్టన్ కుర్రాళ్ల బృందం ఎన్.డబ్ల్యూ.ఏ. ఒక పాట విడుదల చేసింది. పేరులోనే పోలీసుల మీద బూతు ఉంది, ఇక్కడ రాయను. తెలిసినవాళ్లకు తెలుసు. ఆ పాట గురించి మాట్లాడేవాళ్లు చాలామంది ఆ బూతు దగ్గరే ఆగిపోతారు. ఆగకుండా లోపలికి వెళ్లండి. అది ఒక కోర్టు హాలు. జడ్జి కుర్చీలో డాక్టర్ డ్రే. బోనులో పోలీసు. ఐస్ క్యూబ్, ఎంసీ రెన్, ఈజీ-ఈ ఒక్కొక్కరే వచ్చి సాక్ష్యం చెప్తారు. చివర్లో జడ్జి తీర్పు చదువుతాడు: పోలీసు దోషి. రోజూ బోనులో నిలబడేవాళ్లు ఆ కాసేపు న్యాయపీఠం ఎక్కారు, రోజూ లాఠీ పట్టుకునేవాడు బోనెక్కాడు. ఇది అచ్చంగా ప్రహసనం. పాత్రలున్నాయి, సన్నివేశం ఉంది, తారుమారు ఉంది. వీధినాటకం చూసిన పల్లెటూరి మనిషికి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

ఆ సంవత్సరం బయట ఏం జరుగుతోందో కూడా చూడాలి. లాస్ ఏంజెలెస్ పోలీసు చీఫ్ డారిల్ గేట్స్ "ఆపరేషన్ హ్యామర్" నడుపుతున్నాడు. 1988 ఏప్రిల్‌లో ఒక్క వారాంతంలో సౌత్ సెంట్రల్ ప్రాంతంలో వెయ్యిమందికి పైగా అరెస్టు చేశారు. వాళ్లలో ఎక్కువమందిని కేసు కూడా పెట్టకుండా వదిలేశారు. అంటే పట్టుకెళ్లడానికి కారణం నేరం కాదు. పేట, రంగు, వయసు.

ఆ పాటకు జవాబు ఎక్కడినుంచి వచ్చిందనుకున్నారు? ఎఫ్‌బీఐ నుంచి. 1989 ఆగస్టు 1న ఆ సంస్థ అసిస్టెంట్ డైరెక్టర్ ఒకాయన రికార్డు కంపెనీకి ఉత్తరం రాశాడు. ఈ పాట పోలీసుల మీద హింసను ప్రోత్సహిస్తోందని దాని సారాంశం. అదే నెలలో డెట్రాయిట్ కచేరీలో ఆ పాట ఎత్తుకోగానే పోలీసులు స్టేజీ మీదికి దూసుకొచ్చారు. ప్రహసనంలో పోలీసు దోషి అంటే అసలు పోలీసుకు కోపం వచ్చింది.

ఆ తర్వాత రెండేళ్లకు, 1991 మార్చి 3న, లాస్ ఏంజెలెస్ పోలీసులు రాడ్నీ కింగ్‌ను రోడ్డు మీద పడేసి లాఠీలతో కొట్టారు. వీడియో ఉంది. లోకమంతా చూసింది. 1992 ఏప్రిల్ 29న రాష్ట్ర కోర్టులో నలుగురు పోలీసుల్లో ఒక్కడికీ శిక్ష పడలేదు. నగరం తగలబడింది, అరవై మందికి పైగా చనిపోయారు. ఆ తర్వాతే ఫెడరల్ కోర్టులో ఇద్దరికి శిక్ష పడింది. పాటలో అయిదారు నిమిషాల్లో వచ్చిన తీర్పు నిజమైన కోర్టులో రావడానికి ఒక నగరం కాలాల్సి వచ్చింది.

ఇప్పుడు శ్లేష సంగతి. 1993లో బ్రాంక్స్‌కు చెందిన కేఆర్ఎస్-వన్ పోలీసు సైరన్ మోతను పల్లవిగా చేసి ఒక పాట కట్టాడు. అందులో ఒక చోట "ఓవర్సీర్" అన్న మాటను పట్టుకుంటాడు. ఓవర్సీర్ అంటే మనకు రోడ్డు పనులు చూసే ఉద్యోగి గుర్తొస్తాడు. అమెరికా పత్తి తోటల్లో ఓవర్సీర్ అంటే బానిసల వెనక కొరడాతో తిరిగినవాడు. కేఆర్ఎస్-వన్ ఆ మాటను వేగం పెంచుతూ అనేకొద్దీ అది నలిగి నలిగి "ఆఫీసర్" అవుతుంది. పాట ఆగదు, వివరణ ఉండదు. చెవికి తెలిసిపోతుంది. 1704లో దక్షిణ కెరొలినాలో పారిపోయే బానిసల్ని పట్టడానికి పెట్టిన గస్తీ దళాలు, ఇవాళ నల్లవాడి కారు ఆపి కాగితాలడిగే యూనిఫారం, రెండూ ఒక్క మాటలో పట్టాయి. పింగళి సూరన రాముడి కథనూ పాండవుల కథనూ ఒకే పద్యాల్లో నడిపితే ద్వ్యర్థి కావ్యమని నాలుగు వందల ఏళ్లకు పైగా మొక్కుతున్నాం. దాదాపు మూడు శతాబ్దాల చరిత్రను ఒక్క మాటలో మోసినవాడిని "కోపంతో అరుస్తున్నాడు" అంటే ఎట్లా?

ఇంకొకటి శాంప్లింగ్. పాత రికార్డులోంచి ఒక ముక్క తీసి, కొత్త పాటలో కుట్టడం. పబ్లిక్ ఎనిమీ బృందం 1989లో స్పైక్ లీ సినిమా "డూ ద రైట్ థింగ్" కోసం "ఫైట్ ద పవర్" చేసినప్పుడు ఆ పేరును 1975 నాటి ఐస్లీ బ్రదర్స్ పాటనుంచి తీసుకుంది. లోపల జేమ్స్ బ్రౌన్ రికార్డులోని డ్రమ్ము దరువు ఉంది. ముందు తరాల నల్లజాతి సంగీతాన్నంతా వెంటబెట్టుకుని నడిచిన ఊరేగింపు ఆ పాట. శాంప్లింగ్‌ను దొంగతనమని ఎగతాళి చేసినవాళ్లున్నారు. జాషువా 1941లో చేసిందేమిటి? కాళిదాసు మేఘసందేశపు మూసను తీసుకున్నాడు. యక్షుడి చోట ఊరి బయట బతికే అరుంధతీసుతుణ్ణి పెట్టాడు, మేఘం చోట గబ్బిలాన్ని పెట్టాడు. గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. అందుకే అది దూత. పై కులాల కావ్యరూపాన్ని ఎత్తుకొచ్చి వాడలో పాడించాడు. అది అనుకరణ కాదు, స్వాధీనం. గబ్బిలం చదివినవాడికి శాంప్లింగ్ కొత్త కాదు.

ఆ సినిమాలో పోలీసు రేడియో రహీమ్ అనే కుర్రాడి గొంతు లాఠీతో నొక్కి చంపుతాడు. పాతికేళ్ల తర్వాత, 2014 జులై 17న, అదే న్యూయార్క్‌లో ఎరిక్ గార్నర్ గొంతు పోలీసు మోచేతి కింద నలిగింది. ఊపిరి ఆడటం లేదని అతను పదకొండు సార్లు చెప్పాడు. 2020 మే 25న మినియాపొలిస్‌లో జార్జి ఫ్లాయిడ్ మెడ మీద పోలీసు మోకాలు తొమ్మిది నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు ఉంది. కవి కల్పించాడు, పోలీసు నిజం చేశాడు. కోర్టులు మాత్రం ఎప్పుడూ దీనికి తిరగేసిన లెక్కే వేస్తాయి. పాటలో ఉంది కాబట్టి పాడినవాడే చేసి ఉంటాడంటాయి.

ఇక కోర్టుకు వెళ్దాం.

లూసియానాలో మ్యాక్ ఫిప్స్ అనే ర్యాపర్ ఉండేవాడు. 2000 ఫిబ్రవరిలో అతని కచేరీ జరగాల్సిన క్లబ్బులో ఒక యువకుణ్ణి ఎవరో కాల్చి చంపారు. మ్యాక్‌కు అప్పుడు 22 ఏళ్లు. అంతకుముందు ఒక్క నేరం లేదు. కాల్చింది నేనే అని ఇంకొకతను ముందుకొచ్చి చెప్పాడు. పోలీసులు నమ్మలేదు. విచారణలో ప్రాసిక్యూటర్ మ్యాక్ పాటలు పట్టుకొచ్చాడు. ఒక పాటలో ఒక మాట, ఇంకో పాటలో ఇంకో మాట తీసి, రెండూ కలిపి జ్యూరీకి వినిపించాడు. అందులో ఒకటి వియత్నాం యుద్ధంలో పనిచేసిన తన తండ్రి గురించి మ్యాక్ రాసిన పాటలోది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ప్రాసిక్యూటర్ చేసింది కూడా శాంప్లింగే. నల్లవాడు పాత రికార్డు ముక్కలు కుడితే దొంగ. ప్రభుత్వ వకీలు నల్లవాడి పాటలు ముక్కలు చేసి కుడితే అది సాక్ష్యం.

జ్యూరీలో పదిమంది దోషి అన్నారు, ఇద్దరు కాదన్నారు. వేరే రాష్ట్రాల్లోనైతే ఆ ఇద్దరి మాటతో శిక్ష ఆగిపోయేది. లూసియానాలో అప్పటికి పదిమంది చాలు. నల్లజాతి జ్యూరర్ల మాట చెల్లకుండా చేయడానికి 1898లో రాజ్యాంగ సభ పెట్టి తెచ్చుకున్న నియమానికి వారసత్వం అది. 2020లో గానీ సుప్రీంకోర్టు దాన్ని కొట్టేయలేదు. మ్యాక్‌కు ముప్పై ఏళ్ల శిక్ష వేశారు. 21 ఏళ్లు లోపల ఉన్నాక, 2021లో గవర్నర్ క్షమాభిక్షతో బయటికొచ్చాడు. ఇరవైల్లో వెళ్లి నలభైల్లో వచ్చాడు. కవి పాటకు, పాడే పాత్రకు మధ్య గీత చెరిపేస్తే మనిషి జీవితంలో ఎంత పోతుందో అక్కడ కనబడుతుంది.

ఇది ఒక్క కేసు కాదు. ఎరిక్ నీల్సన్, ఆండ్రియా డెనిస్ అనే ఇద్దరు 2019లో "ర్యాప్ ఆన్ ట్రయల్" అనే పుస్తకం రాశారు. పాటల్ని సాక్ష్యంగా వాడిన కేసులు అయిదు వందల దాకా దొరికాయని చెప్పారు. నిందితుల్లో దాదాపు అందరూ నల్లజాతి, లాటినో యువకులు. మరి జానీ క్యాష్? రీనోలో మనిషిని కాల్చిన ఖైదీ నోటితో ఆయన 1955లో పాట పాడాడు, 1968లో అదే పాట జైలుకెళ్లి ఖైదీల ముందు పాడాడు. దేశం చప్పట్లు కొట్టింది. షరీఫును కాల్చానని చెప్పే బాబ్ మార్లే పాటను తెల్లవాడు ఎరిక్ క్లాప్టన్ 1974లో పాడితే అమెరికాలో నంబర్ వన్ అయింది. షరీఫు ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని క్లాప్టన్ ఇంటికి ఎవరూ రాలేదు. రాకూడదు కూడా. నేననేది అందరి ఇళ్లకూ రాకూడదని.

2018 సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. ఏప్రిల్‌లో కెండ్రిక్ లమార్ "డ్యామ్" ఆల్బమ్‌కు పులిట్జర్ బహుమతి ఇచ్చారు. శాస్త్రీయ సంగీతం, జాజ్ కాకుండా ఇంకో సంగీతానికి ఆ బహుమతి రావడం అదే మొదలు. మూడేళ్ల ముందు అదే కెండ్రిక్ పోలీసు కారు మీద నిలబడి పాడితే, ఫాక్స్ న్యూస్‌లో ఒక వ్యాఖ్యాత రేసిజం కన్నా హిప్-హాప్ వల్లే నల్లజాతి యువతకు ఎక్కువ నష్టమన్నాడు. కెండ్రిక్ ఆ గొంతును ఎత్తుకొచ్చి బహుమతి వచ్చిన ఆల్బమ్‌లోనే పెట్టాడు. ఏప్రిల్‌లో బహుమతి. ఆగస్టులో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు, పిట్స్‌బర్గ్‌కు చెందిన ఒక చిన్న ర్యాపర్‌కు పాట వల్ల పడిన శిక్షను సమర్థించింది. ఆ పాట ఎన్.డబ్ల్యూ.ఏ. పాటకు కొడుకు లాంటిది. దాన్ని తెలుపు చేసి చెప్పను. తన కేసులో సాక్ష్యం చెప్పాల్సిన ఇద్దరు పోలీసుల పేర్లు అందులో ఉన్నాయి. ఆ కవి తెలివి తక్కువ పని చేశాడనుకోవచ్చు. కానీ అది పాత్ర నోటి మాట అన్న అతని వాదన కోర్టుకు ఎక్కలేదు. కిల్లర్ మైక్, మీక్ మిల్ లాంటి పెద్ద ర్యాపర్లు సుప్రీంకోర్టుకు ర్యాప్ అంటే ఏమిటో వివరిస్తూ విన్నపం రాసిచ్చారు. 2019లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు.

పెద్ద కవికి బహుమతి, పేద కవికి జైలు. ఈ ఏర్పాటు మనకు తెలియనిది కాదు.

2022లో కాలిఫోర్నియా ఒక చట్టం చేసింది. కళారూపాన్ని సాక్ష్యంగా పెట్టాలంటే, దానివల్ల జ్యూరీలో జాతి దురభిప్రాయం రేగే ప్రమాదాన్ని జడ్జి ముందే తూచి చూడాలి. అదే సంవత్సరం జార్జియాలో యంగ్ థగ్‌ను, అతని చుట్టూ ఉన్నవాళ్లను కట్టగట్టి ముఠా కేసులో పెట్టారు. 2023 నవంబరులో అక్కడి జడ్జి పాటల పాదాల్ని సాక్ష్యంగా అనుమతించాడు. అతను రెండేళ్లకు పైగా లోపలే ఉండి, 2024 అక్టోబరులో నేరం ఒప్పుకుని ప్రొబేషన్ మీద బయటికొచ్చాడు. ఒక రాష్ట్రం తలుపు మూస్తే ఇంకో రాష్ట్రం తెరుస్తుంది.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ గట్టివే.

మొదటిది: "ఇది మా నిజం, మా వీధి, మేం బతికింది" అని ర్యాపర్లే కదా చెప్పుకునేది? ర్యాప్ నల్లజాతికి సీఎన్ఎన్ లాంటిదన్న మాట చక్ డి పేరుమీద దశాబ్దాలుగా తిరుగుతూనే ఉంది. దళిత సాహిత్యం కూడా అనుభవపు నిజం మీదే నిలబడింది. నిజమని మనమే చెప్పి, వాళ్లు నిజమని నమ్మితే తప్పంటామేమిటి? దీనికి నా జవాబు ఇది. ఒక జాతి బతుకు నిజం వేరు, ఒక మనిషి చేసిన పని వేరు. జాషువా గబ్బిలంతో నిజంగా మాట్లాడాడా అని ఎవరూ అడగరు. అయినా గుడి తలుపు మూసి ఉండటం నిజం. ఎన్.డబ్ల్యూ.ఏ. పాటలో కోర్టు కల్పన, పోలీసు దెబ్బలు నిజం. సాక్ష్యం చెప్పడం మన హక్కు. మన సాక్ష్యాన్ని మన నేరాంగీకారంగా రాసుకోవడం వాళ్ల మోసం.

రెండోది ఆడవాళ్ల ప్రశ్న. పోలీసు మీద అంత చక్కటి ప్రహసనం కట్టిన బృందమే ఆడవాళ్లను నోటికొచ్చినట్టు తిట్టింది. 1991 జనవరిలో డాక్టర్ డ్రే టీవీ జర్నలిస్టు డీ బార్న్స్‌ను ఒక పార్టీలో కొట్టాడు. క్షమాపణ వచ్చింది 2015లో. ఆ బృందం మీద ఆ ఏడాదే వచ్చిన సినిమాలో ఆ సంఘటన లేనే లేదు. అదంతా పాత్ర మాట్లాడిందని వదిలేద్దామా? వద్దు. పాటలోని మాటకు కవిత్వపు హక్కు ఉంది, చేత్తో కొట్టిన దెబ్బకు లేదు. పాటలోని మాటకైనా కేసు నుంచి రక్షణ ఉంది గానీ విమర్శ నుంచి లేదు. బెల్ హుక్స్ 1994లోనే దారి చూపించింది. గ్యాంగ్‌స్టా ర్యాప్‌లో ఉన్న స్త్రీద్వేషాన్ని వదలకుండా విమర్శించింది. అదే ఊపులో, అది ఆ కుర్రాళ్లు కనిపెట్టింది కాదని, తెల్లవాళ్ల పెట్టుబడిదారీ పితృస్వామ్యం కొని పెంచిన సరుకని కూడా చెప్పింది. కవిని కవిగా గౌరవించడమంటే ఇట్లా నిలదీయడమే. జాలిపడేవాడు నిలదీయడు, జైల్లో పెట్టేవాడూ నిలదీయడు.

అసలు పోలీసు హింస పాటల్లో కూడా చాలాకాలం చనిపోయినవాడు మగవాడే. 1991లో లాస్ ఏంజెలెస్‌లో పదిహేనేళ్ల లటాషా హార్లిన్స్‌ను ఆరెంజ్ జ్యూస్ సీసా దగ్గర గొడవలో దుకాణం యజమానురాలు వెనకనుంచి కాల్చి చంపింది. ఆమెకు జైలు పడలేదు, ప్రొబేషన్, అయిదు వందల డాలర్ల జరిమానా. రెండేళ్ల తర్వాత టుపాక్ నల్లజాతి స్త్రీల కోసం చేసిన పాటను ఆ పిల్లకు అంకితమిచ్చాడు. అతని తల్లి అఫేనీ షకూర్ బ్లాక్ పాంథర్. అతన్ని కడుపులో మోస్తూ కోర్టులో తన కేసు తనే వాదించుకుని 1971లో నిర్దోషిగా బయటపడ్డ మనిషి. 2015లో జనెల్ మొనే చనిపోయినవాళ్ల పేర్లనే పాటగా చేసి, అందులో ఆడవాళ్ల పేర్లూ పలికించింది. పేరు పలకడమే పాట. మన వాడల్లో శవం దగ్గర పేరు పెట్టి ఏడ్చే అవ్వలకు ఆ శిల్పం ఎవరూ నేర్పక్కర్లేదు.

మనకేం సంబంధం అంటారా? పాంథర్ల పేరు 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్లయింది. పాట కేసు డైరీలోకి ఎక్కడం కూడా మన దగ్గర పాత సంగతే. 1974 నాటి సికింద్రాబాద్ కుట్ర కేసులో చెరబండరాజు, వరవరరావు లాంటి కవుల మీద వాళ్ల రాతలే నేరారోపణలో భాగమయ్యాయి. 1989లో కేసు కొట్టేసేదాకా పదిహేనేళ్లు నడిచింది. చెరబండరాజు ఆ తీర్పు వినడానికి బతికి లేడు. గద్దర్ పాడినందుకు 1997 ఏప్రిల్‌లో ఒంట్లోకి తూటాలొచ్చాయి, ఒకటి చివరిదాకా లోపలే ఉండిపోయింది. కబీర్ కళామంచ్ కళాకారులు సాగర్ గోర్ఖే, రమేష్ గాయ్చోర్‌లను 2020 సెప్టెంబరులో అరెస్టు చేశారు. వాళ్ల చేతిలో ఉన్నది డప్పూ, పాటా.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఇది మన ఇంటి సంగతి.

2023 జనవరిలో సియాటిల్‌లో రోడ్డు దాటుతున్న మన ఆదోని అమ్మాయిని పోలీసు కారు గుద్ది చంపింది. గంటకు 25 మైళ్లు దాటకూడని వీధిలో ఆ కారు 74 మైళ్ల దాకా పోయింది. ఆ తర్వాత ఇంకో పోలీసు ఫోన్లో నవ్వుతూ మాట్లాడాడు. ఆమె ప్రాణానికి పెద్ద విలువ లేదని, ఒక చెక్కు రాసిస్తే సరిపోతుందని. అతని ఒంటి మీద కెమెరా ఆ మాటలు పట్టేసింది. అప్పుడు అతనిచ్చిన వివరణ ఏమిటో తెలుసా? అవి నా మాటలు కావు, నష్టపరిహారం బేరమాడే వకీళ్లు ఎట్లా మాట్లాడతారో అనుకరించి వెక్కిరించానన్నాడు.

అంటే ఏమిటి? "నేను" అన్నది నేను కాదు, పాత్ర అన్నాడు. ప్రహసనం అన్నాడు. ఎన్.డబ్ల్యూ.ఏ.కు, మ్యాక్ ఫిప్స్‌కు, పిట్స్‌బర్గ్ కుర్రాడికి దక్కని వాదన యూనిఫారం వేసుకున్నవాడికి మొదటి రోజే నాలుక మీదికొచ్చింది. చివరికి 2024 జులైలో అతని ఉద్యోగం పోయింది. కారు నడిపినవాడి మీద మాత్రం క్రిమినల్ కేసు పెట్టలేమని కౌంటీ ప్రాసిక్యూటర్లు తేల్చేశారు. పాటకు ముప్పై ఏళ్లు. 74 మైళ్ల వేగానికి ట్రాఫిక్ జరిమానా.

ఆ రోజు గుండెలు బాదుకున్న తెలుగు కుటుంబాల్లో, నల్లవాళ్లు కనిపిస్తే కారు అద్దాలు ఎత్తుకోమని పిల్లలకు చెప్పేవాళ్లున్నారు. "వాళ్లు ఏదో చేసే ఉంటారు, ఊరికే కొడతారా పోలీసులు" అనేవాళ్లున్నారు. కారంచేడు గురించీ చుండూరు గురించీ ఇక్కడ ఇదే మాట విన్నాం. వీసాతో పాటు ఆ మాట కూడా విమానమెక్కింది. ఆదోని అమ్మాయికి విలువ కట్టిన నోరూ, నల్లవాడి పాటకు శిక్ష కట్టిన నోరూ ఒక్కటేనని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలే చెప్పాలి.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు ర్యాప్ వినేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎవరు మాట్లాడుతున్నారు? ఎవరితో? ఎవరి రూపాన్ని ఎత్తుకొచ్చి ఏం చేశారు? మన కవుల్ని చదివేటప్పుడు కూడా అవే వేసుకోండి. సెమినార్లో ఎవరైనా "దళిత కవిత్వంలో ఆవేదన" అని పేపరు చదివితే, లేచి "శిల్పం సంగతి చెప్పండి సార్" అని అడగండి. మీలో పాట కట్టేవాళ్లు కట్టండి. పోలీసు స్టేషన్ మీద కట్టండి, హాస్టల్ మెస్సు మీద కట్టండి, ప్రేమ మీద కట్టండి. అబద్ధాలు కల్పించండి, పాత్రలు పుట్టించండి, గబ్బిలంతో మాట్లాడండి. జరిగింది మాత్రమే చెప్పాలన్న షరతు మన మీద ఎవరూ పెట్టడానికి వీల్లేదు. కల్పించే హక్కు కూడా మన హక్కే. మనం సంతకం పెట్టింది పాట కింద, వాంగ్మూలం కింద కాదు.

జై భీమ్.